నక్కఉల్లిగడ్డను టిష్యూ కల్చర్‌లో పెంచడం ఎలా? గడ్డ కోత నుంచి కుండీ దాకా

నక్కఉల్లిగడ్డకి టిష్యూ కల్చర్, అంటే చిన్న ముక్కని శుభ్రమైన సీసాలో పెట్టి మొక్కలు పుట్టించడం, ఎలా చేస్తారని అడిగేవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోయింది. అందరూ అడిగేవి దాదాపు ఆ మూడే: సీసాలో పెట్టిన ముక్క నాలుగో రోజుకే ఎందుకు పాడవుతోంది, పొర పచ్చగానే ఉన్నా పిల్లగడ్డ ఎందుకు రావట్లేదు, సీసాలో కళకళలాడినవి కుండీలోకి మార్చగానే ఎందుకు కుళ్ళిపోతున్నాయి. అందుకని అంతా ఒకచోట రాసేస్తున్నా. నేను చాలా ఏళ్ళు అరటి ల్యాబ్‌లో పనిచేసి తర్వాత ఈ గడ్డల మీద పడ్డాను. అరటి వచ్చు కదా, ఇదెంత అనుకున్నాను. మొదటి అరవై సీసాల్లో యాభై నాలుగు పారబోశాక తెలిసొచ్చింది, మట్టిలో బతికే గడ్డ వేరే లోకమని.

నక్కఉల్లి అంటే అడవి ఉల్లి, ఆయుర్వేదం వాళ్ళ వనపలాండు. ఎండాకాలంలో ఒక్క ఆకు కూడా లేకుండా నేలలోంచి పొడుగ్గా పూలకాడ లేచి, తొలకరి పడ్డాక ఆకులొస్తాయే, అదే. చూడ్డానికి అచ్చం పెద్ద తెల్ల ఉల్లిపాయలా ఉంటుంది. కఫం తగ్గించే మందుల్లో, గుండె మీద పనిచేసే మందుల్లో దీని పేరు పాతకాలం నుంచీ ఉంది.

ముందు రెండు మాటలు, ఇవి దాటేసి కిందికి పోవద్దు.

ఇది విషం. ప్రోసిల్లారిడిన్ లాంటి పదార్థాలు ఇందులో ఉంటాయి, గుండె కొట్టుకునే తీరునే మార్చేస్తాయి. ఉల్లిపాయలా ఉంది కదా అని వంటింటి చుట్టుపక్కల పెట్టకండి, కోసిన ముక్కలు మేకలకి అందేచోట పారేయకండి, దగ్గు తగ్గుతుందని ఎవరో చెప్పారని సొంతంగా మింగకండి. చేతికి రసం తగిలితే కందగడ్డ కోసినప్పటి దురద గుర్తొస్తుంది, అంతకన్నా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే లోపల కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి. గ్లవ్స్ తప్పనిసరి. కోసిన చేత్తో కళ్ళు నలుపుకోవద్దు.

రెండోది, అడవిలోకి వెళ్ళి తవ్వుకు రావద్దు. అటవీ భూమిలోంచి తీయాలంటే అనుమతి కావాలి. సొంత పొలం గట్టు మీద ఉన్నదో, నర్సరీలో కొన్నదో వాడండి. పది గడ్డలు అక్కర్లేదు, మంచివి రెండు చాలు.

మీకు నిజంగా టిష్యూ కల్చర్ కావాలా?

యాభై, వంద మొక్కలు చాలనుకునేవాళ్ళకి ల్యాబ్ దండగ, నన్నడిగితే. గడ్డని నిలువుగా ఎనిమిది ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ అడుగు బిళ్ళలో (గడ్డ అడుగున వేర్లు పుట్టే గట్టి భాగం) కొంత అంటి ఉండేలా చూసుకుని, లీటరుకి గ్రాము కార్బెండజిమ్ (బూజుమందు) కలిపిన నీళ్ళలో అరగంట ముంచి, ఆరనిచ్చి, పిండితే చుక్క రానంత తడి ఉన్న కొబ్బరిపొట్టులో కలిపి పాలిథీన్ సంచీలో మూతికట్టి నీడలో పెట్టండి. రెండు మూడు నెలల్లో పొరల మధ్య పిల్లగడ్డలు కనిపిస్తాయి. వారానికోసారి తెరిచి కుళ్ళినవి తీసేస్తే చాలు. ఖర్చు వందల్లోనే. వేలల్లో మొక్కలు కావాలి, అన్నీ ఒకే తల్లివి కావాలి అనుకుంటేనే కింద రాసింది చదవండి.

ఇంకో సంగతి. అడవినాభికి ఇదే పద్ధతి పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. పనికిరాదు. నాభిది దుంప, దానికి ఉల్లిలా పొరలుండవు, మొలకంతా కొనలో ఉంటుంది, దాని కోత వేరు. విషముంగలి లాంటి పొరల గడ్డలకైతే మోతాదులు కొంచెం అటూ ఇటూ మార్చి ఇదే దారిలో పోవచ్చు.

కావలసినవి

ల్యామినార్, అంటే వడకట్టిన శుభ్రమైన గాలి వీచే బల్ల, ఉంటే మంచిదే. లేకపోతే పెద్ద పారదర్శక ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, పక్కన రెండు చేతులు పట్టే రంధ్రాలు చేసి వాడండి, ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి. ఆటోక్లేవ్ లేకపోతే ఇంట్లో పెద్ద ప్రెషర్ కుక్కర్. సర్జికల్ బ్లేడ్లు, హ్యాండిల్, పొడుగాటి ఫోర్సెప్స్ రెండు, స్పిరిట్ దీపం, వేడికి తట్టుకునే మూతలున్న గాజు సీసాలు. డిస్టిల్డ్ వాటర్, ఎంఎస్ పొడి (మొక్కకి కావలసిన లవణాలు, విటమిన్లు కలిపింది), పంచదార, అగార్ (ద్రావణాన్ని గడ్డకట్టించే పొడి), బీఏపీ, ఎన్‌ఏఏ, ఐబీఏ అనే మొక్కల హార్మోన్లు. పీహెచ్ కాగితాలు లేదా మీటర్. సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచ్ ద్రావణం, సర్జికల్ స్పిరిట్, అంట్లు తోమే లిక్విడ్ కొంచెం.

హార్మోన్ పొడులు మిల్లీగ్రాముల్లో తూయాలి, మామూలు కాటాతో కుదరదు. తూకం లేనివాళ్ళు మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము ఉండే రెడీమేడ్ ద్రావణం కొనుక్కోండి, తలనొప్పి వదులుతుంది. పొడే కొంటే, 100 మిల్లీగ్రాముల బీఏపీని ముందు కొన్ని చుక్కల సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, తర్వాత నీళ్ళు పోసి 100 మిల్లీలీటర్లు చేయాలి. నేరుగా నీళ్ళలో వేస్తే కరగదు, అడుగున ఇసుకలా కూర్చుంటుంది, మీకేమో కరిగిందనిపిస్తుంది. ఎంఎస్ పొడి డబ్బా మూత తీశాక తేమ పీలుస్తుంది. ఒకసారి ఒక దుకాణంలో నాకు గడ్డకట్టిన డబ్బా అంటగట్టారు, అది వాడిన బ్యాచ్ మొత్తం ఆకులు పసుపెక్కి కూర్చుంది. గలగలా కదలని పొడి తీసుకోకండి.

1. తల్లిగడ్డని ఎంచుకోండి

నిమ్మకాయకి కాస్త పెద్దది, గట్టిది, ఎక్కడా మెత్తబడనిది. ఆకు ఎండిపోయి గడ్డ నిద్రలో ఉన్న కాలం, అంటే సంక్రాంతి దాటాక పూలకాడ లేచేలోపు, మంచి సమయం. వానాకాలంలో తవ్విన గడ్డ లోపల బ్యాక్టీరియా ఎక్కువ, నా లెక్కల పుస్తకంలో ప్రతి ఏడూ అదే కనిపిస్తుంది.

తవ్విన గడ్డని వెంటనే కోయకండి. మట్టి దులిపి, వేర్లు కత్తిరించి, గాలి ఆడే నీడలో రెండు మూడు వారాలు ఉంచండి. ఈ మధ్యలో ఏదైనా మెత్తబడితే అది మీకు పనికిరాదని అదే చెప్పేసినట్టు.

నక్కఉల్లిలో చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల క్రోమోజోములు 20 ఉన్నవీ, 30 ఉన్నవీ, 40 ఉన్నవీ ఉన్నాయి. వాటి పెరుగుదలా మందు శాతమూ ఒకేలా ఉండాలని లేదు. అందుకే రెండు గడ్డలు వాడితే వాటి సీసాలు కలిపేయకండి. ఎ, బి అని పేరు పెట్టి చివరి కుండీ దాకా ఆ పేరుతోనే నడపండి. తల్లిగడ్డ కోస్తే పోతుంది కదా అంటారా, అదే తల్లి పక్కన వచ్చిన పిలక ఒకటి మట్టిలో దాచుకోండి. తర్వాత పోల్చి చూసుకోడానికి అదొక్కటే ఆధారం.

2. మీడియం ముందే చేసి పెట్టుకోండి

మీడియం అంటే సీసాలో ముక్కకి మట్టికి బదులు తిండి పెట్టే ముద్ద. లీటరుకి లెక్క ఇది: ఎంఎస్ పొడి డబ్బా మీద రాసినంత, పంచదార, అగార్ కలపని రకమైతే సుమారు 4.4 గ్రాములు. పంచదార 30 గ్రాములు. బీఏపీ 2 మిల్లీగ్రాములు, అంటే పైన చేసిన ద్రావణం 2 మిల్లీలీటర్లు. ఎన్‌ఏఏ అర మిల్లీగ్రాము, అర మిల్లీలీటరు. నీళ్ళు 800 మిల్లీలీటర్లు పోసి అన్నీ కరిగించి, లీటరుకి నింపి, పీహెచ్ 5.8కి తెచ్చి, ఆ తర్వాతే అగార్ 8 గ్రాములు వేసి మరిగించండి. అగార్ వేశాక పీహెచ్ చూడటం కుదరదు, చిక్కబడుతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, 2 మిల్లీలీటర్ల చోట 20 పోస్తారు. అప్పుడు ముక్కలు ఉబ్బి, గాజుముక్కల్లా మెరుస్తూ, గుంపులుగా వంకర ఆకులు వేస్తాయి, చూసేవాళ్ళకి భలే పెరుగుతోందనిపిస్తుంది. ఒక్కటీ గడ్డ కట్టదు. ఇంకో తప్పు పీహెచ్ చూడకపోవడం. 5 కన్నా తగ్గితే అగార్ సరిగ్గా గడ్డకట్టదు, జావలా ఉంటుంది, ముక్క మునిగి చస్తుంది.

వేడిగా ఉండగానే సీసాకి 30 నుంచి 40 మిల్లీలీటర్లు పోసి, మూత పావు వంతు వదులుగా పెట్టి కుక్కర్‌లోకి. ఆటోక్లేవ్ అయితే 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, 20 నిమిషాలు. కుక్కర్‌లో మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి 25 నిమిషాలు ఉంచి, తనంతట తాను చల్లారనివ్వండి. విజిల్ ఎత్తి ఆవిరి వదిలారంటే సీసాల్లో మీడియం పొంగి మూతలకంటుకుంటుంది, ఆ మూతల అంచుల్లోంచే తర్వాత బూజు లోపలికి దిగుతుంది. నీళ్ళు, ఫోర్సెప్స్, కోతకి వాడే కాగితాలు లేదా టైల్ ముక్క కూడా ఇందులోనే పెట్టేయండి.

చల్లారిన సీసాలు వెంటనే వాడకండి. మూత బిగించి ఐదు రోజులు అలా ఉంచండి. ఏ సీసాలోనైనా మచ్చ కనిపించిందంటే తప్పు గడ్డది కాదు, మీ కుక్కర్‌ది. ఈ ఐదు రోజులు ఆగలేకపోతే తర్వాత నెలరోజులు ఎవరి తప్పో తేలక జుట్టు పీక్కోవాలి.

3. గడ్డని కడగండి

బయటి ఎండు పొరలు, తర్వాత రెండు మూడు కండ పొరలు కూడా వలిచి పారేయండి. పాపం అనుకోకండి, మట్టికి దగ్గరగా ఉన్నవి అవే. అడుగు బిళ్ళ కింద పాత వేర్ల మచ్చలు ఉంటాయి, వాటిని తెల్లటి కండ కనిపించేదాకా పలచగా చెక్కండి. మరీ లోతుకి పోతే బిళ్ళే పోతుంది, జాగ్రత్త.

అంట్ల లిక్విడ్ చుక్క వేసి మెత్తటి బ్రష్‌తో రుద్ది, కుళాయి కింద అరగంట ధారలో వదిలేయండి. తర్వాత కార్బెండజిమ్ నీళ్ళలో అరగంట. దీంతో బూజు తగ్గుతుంది గానీ బ్యాక్టీరియాకి ఏమీ కాదు, అది గుర్తుంచుకోండి.

ఇప్పుడు గడ్డని నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. ఈ పెద్ద ముక్కల్నే స్టెరిలైజ్ చేసి, చిన్న కోత ల్యామినార్ లోపల పెడతాం. మొదట్లో నేను చిన్నచిన్న ముక్కలు చేసి బ్లీచ్‌లో వేసేదాన్ని, బ్లీచ్ కోసిన అంచుల్లోంచి లోపలికి ఎక్కి ముక్క ముక్కే తెల్లబడి చచ్చేది.

4. స్టెరిలైజేషన్

ల్యామినార్ అరగంట ముందే ఆన్ చేయండి. డబ్బా వాడేవాళ్ళు లోపలంతా స్పిరిట్‌తో తుడిచి పది నిమిషాలు ఆగండి. ల్యామినార్ వాడేవాళ్ళు కూడా స్పిరిట్ ఆరాకే దీపం వెలిగించండి. దీపం వెలుగుతుండగా స్పిరిట్ స్ప్రే కొట్టడం అంత పిచ్చిపని ఇంకోటి లేదు, మా ల్యాబ్‌లో ఒకమ్మాయి గ్లవ్ అంటుకుని కొద్దిలో తప్పించుకుంది. డబ్బాలో అయితే అసలు దీపమే పెట్టకండి, బ్లేడ్ బయట కాల్చుకుని లోపలికి తీసుకెళ్ళండి.

ముక్కల్ని 70 శాతం స్పిరిట్‌లో 45 సెకన్లు. ఎక్కువ శాతం ఉంటే ఎక్కువ పనిచేస్తుందనుకోకండి, నీళ్ళు కలిసిన 70 శాతమే సూక్ష్మజీవులకి బాగా ఎక్కుతుంది. ఆ తర్వాత 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో, రెండు చుక్కల లిక్విడ్ వేసి, కదుపుతూ 15 నిమిషాలు. దుకాణంలో దొరికేది 4, 5 శాతం ఉంటుంది, సీసా మీద చూసి ఆ లెక్కన నీళ్ళు కలపండి. పాత బ్లీచ్ వాడకండి, మూత తీసి నెలలైతే దాని శక్తి పోయి ఉంటుంది. దాన్ని యాసిడ్‌తో కలపడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, విషవాయువు వస్తుంది. చివరికి స్టెరైల్ నీళ్ళలో మూడుసార్లు, ఐదేసి నిమిషాలు.

ఇక మెర్క్యురిక్ క్లోరైడ్. పెద్ద ల్యాబుల్లో 0.1 శాతం ఐదారు నిమిషాలు వాడతారు, బాగానే పనిచేస్తుంది. కానీ అది పాదరసం విషం, వాడిన నీళ్ళు డ్రైనేజీలో పోయకూడదు. ఇంట్లో చేసేవాళ్ళు దాని జోలికి పోవద్దు.

5. కోత, ఇదే అసలు పని

ఈ గడ్డలో కొత్త మొలక పుట్టేది ప్రధానంగా ఒకచోట: పొర వచ్చి అడుగు బిళ్ళతో కలిసే ఆ సన్నటి గీత దగ్గర. బిళ్ళ లేని పొర ముక్క నెలల తరబడి పచ్చగా ఉండి మిమ్మల్ని మభ్యపెడుతుంది గానీ ఎక్కువసార్లు ఏమీ ఇవ్వదు. బిళ్ళ ముక్క మాత్రమే పెట్టినా అంతే.

కాబట్టి ఇలా కోయండి. స్టెరైల్ టైల్ మీద పావు ముక్కని కోసిన వైపు పైకి ఉండేలా పెట్టండి. బ్లీచ్ తగిలి తెల్లబడ్డ అంచులన్నీ రెండు మిల్లీమీటర్లు తీసేయండి. ఇప్పుడు పొరలు విసనకర్ర మడతల్లా కనిపిస్తాయి, కింద అన్నీ ఒక గట్టి తెల్ల బిళ్ళలోకి దిగుతుంటాయి. బ్లేడ్‌ని రెండో పొరకీ మూడో పొరకీ మధ్య పెట్టి కిందికి దించితే అడుగున చిన్న కిర్రుమనే గట్టిదనం తగులుతుంది, అదే బిళ్ళ, దాన్ని కూడా కోసుకుంటూ దిగండి. చేతికి రెండు పొరల జత వస్తుంది, కింద వాటిని కలిపి పట్టుకున్న మూడు మిల్లీమీటర్ల బిళ్ళతో. పై భాగం కత్తిరించి ఎత్తు ఒక సెంటీమీటరు ఉంచండి, వెడల్పు అర సెంటీమీటరు పైన. బంకలాంటి రసం కారుతుంది, స్టెరైల్ కాగితం మీద అద్దండి. ప్రతి జతకీ బ్లేడ్ మార్చండి, లేదా స్పిరిట్‌లో ముంచి మంటలో కాల్చి చల్లార్చి వాడండి. ఒక్క ముక్కలో బ్యాక్టీరియా ఉంటే అదే బ్లేడ్ మిగతా ఇరవైకి పంచిపెడుతుంది. ఉత్త స్పిరిట్‌లో ముంచి తీస్తే చాలదు, కొన్ని బ్యాక్టీరియా బీజాలు స్పిరిట్‌లో హాయిగా బతుకుతాయి.

మధ్యలో మొగ్గ ఉన్న ముక్కలు విడిగా పెట్టండి, అవి త్వరగా ఆకు వేస్తాయి గానీ పిల్లలు తక్కువ. బయటి, నడిమి పొరల జతలే నాకు ఎక్కువ ఇచ్చాయి.

బిళ్ళ మీడియంలోకి రెండు మిల్లీమీటర్లు దిగేలా, పొరలు నిలువుగా పైకి ఉండేలా గుచ్చండి. తలకిందులైతే పెరగదు, కాబట్టి కోసేటప్పుడే పై భాగాన్ని ఏటవాలుగా కోసుకుంటే ఏది పైనో ఏది కిందో తికమక ఉండదు. సీసాకి ఒక్కటే ముక్క. సీసాలు మిగుల్దామని మూడు పెడితే ఒకటి చెడితే మూడూ పోతాయి.

బ్యాక్టీరియా వదలకపోతే రెండు దారులున్నాయి. ఒకటి, మీడియంలో లీటరుకి 1 నుంచి 2 మిల్లీలీటర్లు పీపీఎం (ప్లాంట్ ప్రిజర్వేటివ్ మిక్చర్) అనే సూక్ష్మజీవుల్ని ఆపే ద్రావణం కలపడం, ధర ఎక్కువే గానీ వేడికి తట్టుకుంటుంది, కుక్కర్‌లో పెట్టొచ్చు. రెండోది, నాకిష్టమైనది: గడ్డ వదిలేసి, అప్పుడే గడ్డలోంచి తల పైకెత్తుతున్న లేత పూలకాడని తీసుకోవడం. మట్టి తగలని భాగం కాబట్టి చాలా శుభ్రంగా ఉంటుంది. అర సెంటీమీటరు ముక్కలుగా కోసి అదే మీడియంలో పెట్టండి. ఏడాదికి ఒక్క నెలే దొరుకుతుంది, అదే ఇబ్బంది.

6. మొదటి నెల

మొదటి వారం చీకట్లో ఉంచండి, కోసిన అంచులు నల్లబడటం తగ్గుతుంది. అయినా మీడియం గోధుమరంగుకి తిరుగుతుంటే ముక్కని కొత్త సీసాలోకి మార్చండి, మొండిగా నల్లబడే గడ్డకైతే మీడియంలో లీటరుకి గ్రాము యాక్టివేటెడ్ చార్‌కోల్ వేయండి. చార్‌కోల్ హార్మోన్లని కూడా కొంత పీల్చేస్తుంది కాబట్టి రెండోసారి మార్చేటప్పుడు మానేయండి. తర్వాత రోజుకి 16 గంటలు మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు వెలుతురు, 25 డిగ్రీల చుట్టుపక్కల వేడి. మన వేసవిలో ఏసీ లేని గదిలో ఇది అయ్యే పని కాదు. ముప్పై దాటితే నిద్రపోతున్న బ్యాక్టీరియా అంతా లేచి కూర్చుంటుంది.

సీసాని పైనుంచి చూస్తే సరిపోదు. చేత్తో ఎత్తి ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పెట్టి అడుగు నుంచి చూడండి. శుభ్రమైన మీడియం గాజులా ఉంటుంది. బ్యాక్టీరియా ఉంటే బిళ్ళ గుచ్చిన చోట చుట్టూ పలచటి పాలమరకలాంటి మబ్బు కనిపిస్తుంది, మొదట్లో గోరంత కూడా ఉండదు, మూడు రోజులకి పెరుగుతుంది. దూదిలా లేచేది బూజు, అది గుడ్డివాడికైనా కనిపిస్తుంది. భయపడాల్సింది ఈ మబ్బుకే, ఎందుకంటే ముక్క పచ్చగానే ఉంటుంది, మీరు పోనీలే అని తర్వాతి సీసాలోకి మారుస్తారు, అది బ్లేడ్ ఎక్కి బ్యాచ్ అంతా పాకుతుంది. మబ్బు కనిపించిన సీసా తెరవకండి, మూతతోనే కుక్కర్‌లో వేసి ఉడికించి అప్పుడు కడగండి.

మొదటి బ్యాచ్‌లో సగం మిగిలితే పండగ చేసుకోండి.

ఏడు నుంచి పది రోజుల్లో పొరలు ఉబ్బి ఒకదానికొకటి దూరం జరుగుతాయి. ఐదారు వారాలకి రెండు పొరల సందులో అడుగున తెల్లటి ముత్యంలాంటి బొడిపెలు వస్తాయి. ఎనిమిది పది వారాలకి అవే చిన్న ఆకు వేసి పిల్లగడ్డలవుతాయి. బొడిపెలకి బదులు పసుపుపచ్చగా పొడిపొడిగా బెల్లంపొడిలాంటి ముద్ద వస్తే అది క్యాలస్. మొక్కలు ఒకేలా ఉండాలనుకునేవాళ్ళు దాన్ని పారేయడమే మేలు, దాన్నుంచి వచ్చే మొక్కల్లో తేడాలు ఎక్కువ.

7. సంఖ్య పెంచడం

పిల్లగడ్డల్ని విడదీసి, ఆకులు అర సెంటీమీటరుకి కత్తిరించి, ఒక్కోదాన్ని అడుగు బిళ్ళతో సహా నిలువుగా రెండు చేయండి. ఆవగింజంత ఉన్నవాటిని కోయకండి, అలాగే పెట్టండి. అదే మీడియం, ఆరు నుంచి ఎనిమిది వారాలు. అరటిలా నాలుగు వారాలకి ఐదింతలు కాదు ఇది. ఒక్కోసారికి రెండు, మహా అయితే మూడింతలు. అంతకన్నా వేగం కావాలని బీఏపీ పెంచుతారు చాలామంది, పెంచితే ఆకులు తడిసిన గాజుకాగితంలా పారదర్శకంగా అవుతాయి, విరిచి చూస్తే నీళ్ళు కారతాయి. అలా కనిపిస్తే బీఏపీ సగానికి తగ్గించి, అగార్ ఒక గ్రాము పెంచి, మూత కొంచెం గాలి ఆడేలా పెట్టండి, ఒకటి రెండు మార్పిళ్ళలో కోలుకుంటాయి.

ఆరేడు మార్పిళ్ళు దాటాక ఆ వరుస ఆపేసి కొత్త తల్లిగడ్డతో మొదలుపెట్టండి. ప్రతి సీసా మీద తేదీ, తల్లి అక్షరం, ఎన్నో మార్పిడో రాయండి. స్పిరిట్ తగిలితే మార్కర్ చెరిగిపోతుంది, మూత మీద కాదు, సీసా అడుగున రాయండి.

8. గడ్డ లావు, వేర్లు

కుండీలో చచ్చిపోయే వాటిలో చాలావరకు ఇక్కడి తొందర వల్లే పోతాయి. ఆకు బాగుంది కదా అని బయటికి తీస్తారు. ఈ మొక్కకి ఆకు ముఖ్యం కాదు, గడ్డ ముఖ్యం. శనగగింజ కన్నా చిన్న గడ్డని బయటికి తీయకండి, కుంకుడుగింజంత అయితే ధైర్యంగా తీయొచ్చు.

దానికోసం చివరి మార్పిడిలో సగం బలం ఎంఎస్, పంచదార 60 గ్రాములు, ఐబీఏ 1 మిల్లీగ్రాము, బీఏపీ సున్నా. రెండు నెలలు వదిలేయండి. పంచదార ఎక్కువైతే ఆకు పెరగదు, గడ్డ ఊరుతుంది. తెల్లటి లావాటి వేర్లు వస్తాయి. ఆకు కొస ఎండటం మొదలైతే టెన్షన్ పడకండి, గడ్డ నిద్రకి సిద్ధమవుతోందన్నమాట.

9. హార్డెనింగ్, అంటే సీసా మొక్కని బయటి గాలికి అలవాటు చేయడం

సీసా మూతలు ముందు రెండు రోజులు వదులు చేయండి. తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో గడ్డ తీసి వేర్ల సందుల్లో అగార్ ఒక్క పలుకు కూడా లేకుండా కడగండి. పంచదార ఉన్న అగార్ మిగిలితే మట్టిలోని బూజుకి విందుభోజనమే. కార్బెండజిమ్ నీళ్ళలో పది నిమిషాలు ముంచి, కాగితం మీద అరగంట ఆరనివ్వండి.

మట్టి: కడిగిన ఇసుక రెండు వంతులు, కొబ్బరిపొట్టు ఒక వంతు. పశువుల ఎరువు ఇప్పుడే వద్దు. గడ్డ మెడ బయటికి కనిపించేలా నాటండి, పూర్తిగా పూడ్చితే కుళ్ళు. పైన అడుగు కత్తిరించని డిస్పోజబుల్ గ్లాసు బోర్లించండి, నాలుగో రోజు గ్లాసుకి రెండు రంధ్రాలు, ఏడో రోజుకి నాలుగు, పన్నెండో రోజుకి తీసేయండి. యాభై శాతం నీడవల కింద ఉంచండి. మధ్యాహ్నం గ్లాసు లోపలి గోడకి నీళ్ళ బొట్లు బాగా పట్టి కారుతుంటే తడి ఎక్కువైందని అర్థం, ఆరోజు నీళ్ళు పోయొద్దు. వేలు మట్టిలో దించితే మొదటి కణుపు దాకా పొడిగా ఉన్నప్పుడే పోయండి. ఎండి చచ్చిన నక్కఉల్లి నేను ఒకటో రెండో చూశాను, నీళ్ళెక్కువై కుళ్ళినవి బుట్టలకొద్దీ చూశాను.

జూన్ నుంచి ఆగస్టు లోపు బయటికి వచ్చేలా వెనక్కి లెక్కేసుకుని పని మొదలుపెట్టండి. ఏప్రిల్‌లో తయారైపోతే బలవంతంగా నాటొద్దు, ఆకు ఎండనిచ్చి, గడ్డలు కడిగి ఆరబెట్టి, పొడి ఇసుకలో నీడన దాచి తొలకరికి నాటండి.

10. పని అయిందో లేదో ఎలా తెలుస్తుంది

సీసాల్లో ఎన్ని ఉన్నాయన్నది లెక్కే కాదు. నాటిన నెలకి ఆకుని మెల్లగా పట్టి పైకి లాగి చూడండి, గడ్డ కదలకుండా పట్టు తగిలితే కొత్త వేరు మట్టిలో దిగింది. ఊడి చేతికొస్తే అడుగు వాసన చూడండి, కుళ్ళువాసన ఉంటే నీళ్ళు తగ్గించాలి, వాసన లేకుండా వేరు మాత్రమే లేకపోతే మళ్ళీ నాటొచ్చు. సంక్రాంతికి ఆకు పోయాక పదింటికి ఒకటి చొప్పున తవ్వి తూకం వేయండి, నాటినప్పటి బరువు కన్నా పెరిగి ఉండాలి. దాచుకున్న తల్లి పిలక పక్కన పెట్టి ఆకు వెడల్పు, రంగు పోల్చండి, చారలు ఉన్నవి, మరీ కురచవి పక్కకి తీసేయండి.

అమ్ముదామనుకునేవాళ్ళకి ఒక్క మాట. మందుల కంపెనీ ఎవరైనా ముందు అడిగేది ఎన్ని టన్నులని కాదు, మందు శాతం ఎంతని. కొన్ని గడ్డలు పరీక్షకి ఇచ్చి కాగితం చేతిలో పెట్టుకున్నాకే వేలల్లో పెంచండి. కొనేవాడు నోటిమాటగా ఐదువేల మొక్కలు కావాలన్నాడని పెంచేసి, తీరా అతను ఫోన్ ఎత్తకపోతే నా నీడవల కింద రెండేళ్ళు అవే కుండీలు ఉన్నాయి. హైదరాబాద్ దగ్గర బోడుప్పల్‌లో సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రం ఉంది, ఔషధ మొక్కల సంగతులు అడగాలంటే అక్కడికి వెళ్ళొచ్చు.

ఇక మొదటి ఎండాకాలం. ఆకులన్నీ పోతాయి, కుండీ ఖాళీగా కనిపిస్తుంది, చాలామంది చచ్చిపోయిందనుకుని నీళ్ళు గుమ్మరిస్తారు, దాంతో నిజంగానే చస్తుంది. నీళ్ళు మానేయండి. వేలితో గడ్డ మెడ నొక్కి చూడండి, గట్టిగా ఉంటే బతికే ఉంది. వాన తగలని చోట పెట్టి, కుండీకి పెద్ద అక్షరాలతో చీటీ అంటించండి, ఇంట్లో వాళ్ళకీ పనివాళ్ళకీ చెప్పండి. నేను చెప్పకుండా ఊరెళ్ళిన ఒక మే నెలలో ఖాళీ కుండీలే కదా అని మట్టి పారబోసి బంతినారు వేశారు, నలభై గడ్డలు పెంటకుప్పలో చేరాయి. జూలైలో వానలకి ఆ కుప్ప మీద పన్నెండో పదమూడో ఆకులు లేచాయి, అవే తెచ్చి మళ్ళీ నాటుకున్నా.